రాత్రి తెల్లవారితే సోమవారం: ఇంట్లో అంతరిక్ష క్యాలెండర్ రాసుకోవడం ఎలా

ఏటా జూలై 20 రాగానే "ఈ రోజే మనిషి చంద్రుడి మీద కాలు మోపాడు" అని ఫొటోతో సహా ఫార్వర్డులు వస్తాయి కదా, నేనూ పంపేవాడిని. ఒకసారి అలాగే ఫ్యామిలీ గ్రూపులో పెడితే నాన్న వెంటనే ఫోన్ చేసి, "ఒరేయ్, 20 కాదురా, 21. సోమవారం. బడికి పోతుంటే పంచాయతీ ఆఫీసు రేడియో చుట్టూ జనం మూగి ఉన్నారు, నేనూ నిలబడి విన్నా. ఆలస్యంగా వచ్చానని మాస్టారు గోడకుర్చీ కూడా వేయించారు" అన్నారు. నేను నెట్‌లో చూసి మరీ 20 అన్నాను. ఆయన ఆ గోడకుర్చీ మీద ఒట్టేసి 21 అన్నారు.

ఇద్దరం కరెక్టే. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టింది అమెరికా తూర్పు తీరం గడియారంలో 1969 జూలై 20 ఆదివారం రాత్రి 10:56కి. అప్పటికి మనకి 21వ తేదీ సోమవారం పొద్దున 8:26 అయింది. అంటే ఆరో తరగతి పిల్లాడు సంచీ భుజాన వేసుకుని బడికి నడిచే టైమే. నెట్ చెప్పిన తేదీని నేను నమ్మాను గానీ అది ఏ ఊరి గడియారమో అడగలేదు. అప్పట్నుంచి సొంతంగా ఒక అంతరిక్ష క్యాలెండర్ రాసుకుంటున్నాను, ఏటా సంక్రాంతి సెలవుల్లో కూర్చుని కొత్తదానికి ఎక్కిస్తాను. ఎలా చేస్తానో, ఎక్కడెక్కడ తప్పులు చేశానో ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పిల్లల కోసమైనా, బడి నోటీసు బోర్డు కోసమైనా, ఉత్తినే సరదాకైనా పనికొస్తుంది.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. కిరాణా కొట్టువాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చే పెద్ద గడుల తెలుగు క్యాలెండర్ ఒకటి, తిథి, నక్షత్రం, వర్జ్యం అన్నీ వేసి ఉండేది. ఫోన్ క్యాలెండర్ వద్దనను, అలారం కోసం అదీ పెట్టుకోండి, కానీ తిథులున్న కాగితం క్యాలెండర్ ఎందుకు కావాలో కాసేపట్లో తెలుస్తుంది. ఒక రూళ్ల నోట్‌బుక్, ఒక పెన్ను, ఒక పెన్సిల్. రెండూ కావాలి.

ముందు నోట్‌బుక్, తర్వాతే గోడ

నేరుగా క్యాలెండర్ గడిలో రాసేయకండి. నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీసుకుని ఏం జరిగింది, యూటీసీ టైమెంత, జరిగిన చోట తేదీ, టైమెంత, మనకెంత అని నింపుకోండి. యూటీసీ అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే టైము, పాత పుస్తకాల్లో గ్రీనిచ్ టైమ్ అని ఉండేది దాదాపు ఇదే. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన టైమ్.

ఒక చిన్న కిటుకు గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. యూటీసీలో సాయంత్రం 6:30 దాటాక జరిగింది ఏదైనా సరే, మనకి మర్నాటి తేదీలోకి వెళ్లిపోతుంది. ఆ గీత దాటిందా లేదా అన్నది ఒక్కటి చూసుకోండి చాలు. అమెరికా తూర్పు తీరం టైమ్ ఇచ్చి ఉంటే చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు కలపండి. మాస్కో టైమ్ అయితే మామూలుగా రెండున్నర.

లోకంలోనే మొట్టమొదటి ఉపగ్రహం స్పుత్నిక్‌నే తీసుకోండి. 1957 అక్టోబర్ 4, మాస్కోలో రాత్రి 10:28కి ఎగిరింది. మనకి 12:58, అంటే అర్ధరాత్రి దాటి అక్టోబర్ 5 వచ్చేసింది. ఎగిరిన చోటు కజకిస్తాన్‌లో ఉంది, అక్కడి స్థానిక గడియారంలో కూడా అప్పటికి 5వ తేదీయే! అయినా లోకమంతా 4నే పండగ చేసుకుంటుంది. అమెరికావాళ్ల మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 వాళ్లకి 1958 జనవరి 31 రాత్రి 10:48కి ఎగిరింది, మనకి ఫిబ్రవరి 1 పొద్దున 9:18. మన మూలాలున్నవాళ్ల సంగతీ ఇంతే. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన ఆయన కొడుకు రాజాచారి, క్రూ-3 కమాండర్‌గా అంతరిక్ష కేంద్రానికి బయల్దేరింది అమెరికా లెక్కలో 2021 నవంబర్ 10 రాత్రి 9:03కి. ఇక్కడ మనం టిఫిన్లు చేసే వేళకి, నవంబర్ 11 పొద్దున 7:33కి.

ఉల్టా కూడా జరుగుతుంది. చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్‌తో సంబంధాలు తెగిపోయిన రాత్రి మనమంతా టీవీల ముందే ఉన్నాం, మనకది 2019 సెప్టెంబర్ 7, రాత్రి రెండు కావస్తోంది. విదేశీ జాబితాల్లో మాత్రం సెప్టెంబర్ 6 అని ఉంటుంది, యూటీసీ ప్రకారం అది కరెక్టే. చూసి "వీళ్లకి మన మిషన్ తేదీ కూడా తెలీదు" అని కామెంట్ పెట్టకండి, నేను పెట్టి పరువు పోగొట్టుకున్నాను.

శుభలేఖ పద్ధతి

మరి గడిలో ఏ తేదీ వేయాలి? చాలా తన్నుకున్నాక మన పెళ్లి శుభలేఖల్లోనే జవాబు దొరికింది. అర్ధరాత్రి దాటాక ముహూర్తం ఉంటే మనవాళ్లు ఏమని వేస్తారు? "ఆదివారం రాత్రి తెల్లవారితే సోమవారం" అని. ఎందుకంటే పంచాంగంలో రోజు మొదలయ్యేది సూర్యోదయంతో, రాత్రి పన్నెండుతో కాదు. ఆ ఒక్క ముక్కతో రెండు తేదీలూ వచ్చేస్తాయి, బంధువులెవరూ ఒకరోజు ఆలస్యంగా దిగరు.

నేనూ అదే పెట్టుకున్నాను. ఆర్మ్‌స్ట్రాంగ్ వెళ్లిన అపోలో-11 ల్యాండర్ ఈగిల్ చంద్రుడి మీద దిగింది మన టైమ్‌లో రాత్రి 1:47కి. కాబట్టి జూలై 20 గడిలో కింద ఇలా రాస్తాను: "ఈగిల్ దిగింది, ఆదివారం రాత్రి తెల్లవారితే సోమవారం 1:47." పక్క గడిలో, 21న, "ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు, పొద్దున 8:26." నాన్న చూసి ఇప్పుడు కరెక్ట్‌గా ఉందన్నారు. నిజానికి ఆ తేదీ బడికి భలే కుదురుతుంది, 20న పండగ చేసేకంటే 21న బడి గంట కొట్టే ముందు 8:26కి పిల్లల్ని గ్రౌండ్‌లో నిలబెట్టి చెబితే, సరిగ్గా ఆ నిమిషానికి ఆ అడుగు పడిందన్నమాట ఒంటికి పట్టినట్టు ఉంటుంది.

స్పుత్నిక్ కూడా అంతే, శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం. ఇక సూర్యోదయం దాటాక జరిగిన మిగతావాటికి ఈ పద్ధతి పనిచేయదు, అక్కడ జరిగిన చోటు తేదీ పెద్దక్షరాల్లో, మన తేదీ చిన్నక్షరాల్లో రాసుకోండి. మన దేశంలో జరిగినవాటికి ఈ గొడవే లేదు, ఇస్రో ప్రకటనల్లో మన టైమే ఉంటుంది, దాన్నే ఎక్కించేయండి.

తేదీ అంటే ఏ తేదీ?

టైమ్ గొడవ తీరాక రెండో గొడవ ఇది. ఒక మిషన్‌కి ఒకటే తేదీ ఉండదు. చంద్రయాన్-3 ఎగిరింది 2023 జూలై 14 మధ్యాహ్నం 2:35కి, చంద్రుడి కక్ష్యలోకి వెళ్లింది ఆగస్టు 5న, ల్యాండర్ విడిపోయింది 17న, దిగింది 23 సాయంత్రం 6:04కి. అన్నీ రాసుకుంటూ పోతే గడులు చాలవు, ఇంట్లోవాళ్లు పాలలెక్క రాసుకోవడానికి చోటుండదు (మా ఇంట్లో నిజంగానే ఈ విషయం మీద మాట వచ్చింది). నా పద్ధతి, ఒక మిషన్‌కి ఒక గడి, ఆ మిషన్ దేనికోసం వెళ్లిందో అది జరిగిన రోజు. చంద్రయాన్-3 వెళ్లింది దిగడానికి కాబట్టి ఆగస్టు 23, ప్రభుత్వం జాతీయ అంతరిక్ష దినోత్సవంగా పెట్టిందీ అదే రోజు. మంగళయాన్ వెళ్లింది అంగారకుడి చుట్టూ తిరగడానికి, కాబట్టి ఎగిరిన 2013 నవంబర్ 5 కాదు, కక్ష్యలో చేరిన 2014 సెప్టెంబర్ 24. రాకేశ్ శర్మకి మాత్రం 1984 ఏప్రిల్ 3, ఆయన సోయజ్ టీ-11లో బయల్దేరిన రోజు. మనిషి భూమి వదలడమే అక్కడ అసలు విషయం.

చంద్రయాన్-1 దగ్గర మాత్రం నేను నా నియమాన్ని తప్పాను. అది ఎగిరిన 2008 అక్టోబర్ 22 ఒక గడి, నవంబర్ 14 ఇంకో గడి. ఆ రెండో రోజు దాన్నుంచి విడిపోయిన చిన్న పెట్టె ఒకటి, నాలుగు పక్కలా త్రివర్ణ పతాకం వేసుకుని, రాత్రి ఎనిమిదిన్నరకి చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర గుద్దుకుంది. నెహ్రూ పుట్టినరోజుకి కావాలనే పెట్టారు. బాలల దినోత్సవానికి బళ్లో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ ఏముంటుంది, ఎవరూ చెప్పరెందుకో.

"మొదటిది" అన్న మాట కనిపిస్తే ఆగి ఇంకోసారి చదవండి. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎప్పుడు ఎగిరింది? 1971 అక్టోబర్ 9న, రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్ (పైవాతావరణాన్ని పరిశీలించేది), లావు 125 మిల్లీమీటర్లే. ఉపగ్రహాన్ని పట్టుకుని ఎగిరిన మొదటిది 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3, అది ఫెయిలైంది. ఉపగ్రహాన్ని నిజంగా కక్ష్యలో పెట్టిన మొదటిది 1980 జూలై 18. మూడూ "మొదటివే", ఎవరు ఏది చెప్తున్నారో చూసుకోవాలి. ఇక మన దేశం నుంచి ఎగిరిన మొదటి రాకెట్ అంటే శ్రీహరికోట కాదు, కేరళలో తుంబా, 1963 నవంబర్ 21.

నేను చేసిన పెద్ద తప్పు కూడా ఇక్కడే. ఒక బడికి చార్టు రాసిస్తూ "ఆర్యభట్ట, 1975 ఏప్రిల్ 19, శ్రీహరికోట నుంచి" అని పెద్దక్షరాల్లో రాశాను, చూడకుండా, అలవాటుగా. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి "సార్, అప్పటికి మన దగ్గర ఉపగ్రహం మోసే రాకెట్టే లేదు కదా" అంది. నిజమే, ఆర్యభట్ట వెళ్లింది సోవియట్ యూనియన్‌లోని కపుస్తిన్ యార్ నుంచి, వాళ్ల రాకెట్ మీద. చార్టు మీద తెల్లకాగితం అంటించి దిద్దాను, ఆ అతుకు ఇప్పటికీ ఉంది. తేదీతో పాటు చోటు కూడా రాసుకోమనేది అందుకే.

ఇంకో చిక్కు, అంతరిక్షం ఎక్కడ మొదలవుతుంది? గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ విమానంలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తు వెళ్లొచ్చారు. అమెరికా లెక్కలో 80 కిలోమీటర్లు దాటితే అంతరిక్షమే, అంతర్జాతీయంగా ఎక్కువమంది చెప్పే గీత 100 దగ్గరుంది. ఏటా ఆ రోజు "ఆమె అసలు వెళ్లినట్టా కాదా" అని వాదనలు పెడతారు. నా క్యాలెండర్‌లో ఉంది, పక్కన "86 కి.మీ." అని రాశాను. అంకె రాసేస్తే వాదన అక్కర్లేదు, చూసినవాళ్లు ఎవరి గీత వాళ్లు గీసుకుంటారు.

విషాదాల వారం

జనవరి ఆఖరు దగ్గరకొచ్చేసరికి జాగ్రత్త. 1967 జనవరి 27న అపోలో-1 రిహార్సల్‌లో నేల మీదే మంటలు లేచి ముగ్గురు చనిపోయారు. 1986 జనవరి 28న చాలెంజర్ ఎగిరిన 73 సెకన్లకి ముక్కలైంది, ఏడుగురు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా తిరిగొస్తూ విచ్ఛిన్నమైంది, ఏడుగురు, అందులో మన కల్పనా చావ్లా. ఆ శనివారం మనకి రాత్రి ఏడున్నర. పావుగంటలో దిగాల్సిన మనిషి కోసం టీవీ పెట్టుకుని కూర్చున్న ఇళ్లు ఎన్నో.

వీటిని రాసేటప్పుడు టైమ్ మార్చే లెక్క పక్కన పెట్టండి. అపోలో-1 మంట అమెరికాలో సాయంత్రం 6:31కి, మనకి తెల్లవారుజామున 5:01, అంటే 28. మార్చి రాస్తే చాలెంజర్‌తో కలిసి ఒకే గడిలో పడుతుంది. నేను కలపను. ఎవరింట్లో దుఃఖమో వాళ్ల తేదీనే ఉంచాలి, మనం కూడా ఊళ్లో పోయినవాళ్ల ఆబ్దికం అమెరికాలో ఉన్నా ఇక్కడి తిథికే పెడతాం కదా.

మనదీ ఒకటుంది, ఎవరూ తలుచుకోరు. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధనం పని జరిగే చోట మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. రాకెట్ ఎగిరినప్పుడు చప్పట్లు కొట్టే మనం ఆ రోజు గడి ఖాళీగా వదిలేయడం నాకు నచ్చదు. ఆ గడిలో ఏ బొమ్మా వేయను, "6" అని రాస్తానంతే. అడిగినవాళ్లకి చెప్తాను. ఇలాంటి రోజుల మెసేజ్ ఎవరికైనా పంపితే పైన ఆ బెలూన్లు, "హ్యాపీ" లు తీసేయండి దయచేసి. చాలెంజర్ రోజున "హ్యాపీ స్పేస్ డే" అని ఒకాయన పంపాడు, పాపం తెలీక.

ఫెయిలైన రాకెట్లు వేరే సంగతి. వాటిని దాచకండి, విజయం పక్కనే జంటగా రాయండి. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 రెండో దశ నియంత్రణలో లోపం వచ్చి అయిదు నిమిషాలు దాటగానే బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు విలేకరుల ముందుకు అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ వెళ్లి మాట తనమీద వేసుకున్నారు, పదకొండు నెలల తర్వాత అదే రాకెట్ గెలిచిన రోజు ఆ ప్రాజెక్టు డైరెక్టర్ కలామ్‌ని వెళ్లి మాట్లాడమన్నారు, కలామే ఎన్నోసార్లు చెప్పిన సంగతి. ఇప్పుడు ఆగస్టు 10ని వదిలేసి జూలై 18 మాత్రం రాస్తే కథలో సగం ఎగిరిపోతుంది. నేను రెండు గడుల్నీ ఒకే రంగు పెన్నుతో చుట్టి, ఆగస్టు గడిలో "దీని జంట జూలై 18" అని రాస్తాను. 1993 సెప్టెంబర్ 20న పడిపోయిన మొదటి పీఎస్ఎల్‌వీకి జంట 1994 అక్టోబర్ 15. చంద్రయాన్-2 సెప్టెంబర్ 7కి జంట ఏదో మీకు చెప్పక్కర్లేదు.

నిండిందా, నడుస్తోందా

పేపర్ల వాళ్లు కూడా పడే గుంట ఇది. 50వ సంవత్సరం అంటే 50 నిండినట్టు కాదు, 49 నిండి 50 నడుస్తోందని. పిల్లాడి వయసు చెప్పేటప్పుడు "అయిదు నిండి ఆరు నడుస్తోంది" అని మనం ఎంత జాగ్రత్తగా చెప్తామో ఇక్కడా అంతే. సింపుల్‌గా ఆ ఏడాదిలోంచి జరిగిన ఏడాది తీసేయండి, వచ్చిన అంకె నిండినవి. 1977లో బృహస్పతి వైపు ఎగిరిన రెండు వాయేజర్ నౌకలకి 2027లో 50 నిండుతాయి. స్పుత్నిక్‌కి అదే ఏడాది అక్టోబర్‌లో 70. ద్రవ ఇంధనంతో ఎగిరిన మొదటి రాకెట్ 1926 మార్చి 16న, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, ఆబర్న్ ఊళ్లో ఒక పొలంలో ఎగిరింది, రాబర్ట్ గొడార్డ్ చేసింది, దానికి వందేళ్లు నిండే తేదీ 2026 మార్చి 16. ఎంత ఎత్తు ఎగిరిందనుకున్నారు? 41 అడుగులు. రెండున్నర సెకన్లు గాల్లో ఉండి క్యాబేజీ మడిలో పడింది. మా వీధిలో కొబ్బరిచెట్టు దానికంటే ఎత్తు. పిల్లలకి ఈ ఒక్క సంగతి చెప్పి చెట్టు చూపించండి, వాళ్ల మొహాలు చూడాలి.

వాయేజర్ల విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. వాయేజర్-2 ముందు ఎగిరింది, ఆగస్టు 20న, వాయేజర్-1 తర్వాత, సెప్టెంబర్ 5న. 1 వెళ్లిన దారి దగ్గరిది, అది బృహస్పతి దగ్గరికి ముందు చేరుతుందని ఆ అంకె ఇచ్చారు. తారుమారైందనుకుని దిద్దేయకండి.

మనకి ఇంకో లెక్క కూడా ఉంది, అరవై. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి గగారిన్ ఎగిరిన 1961 ప్లవ నామ సంవత్సరం, స్పుత్నిక్ 1957 హేవిళంబి. అపోలో-11 దిగింది సౌమ్య నామ సంవత్సరంలో, మళ్లీ సౌమ్య వచ్చేది 2029 ఉగాదికి. అంటే చంద్రుడి మీద మొదటి అడుగుకి ఆ ఏడాది షష్టిపూర్తి. పీటలు వేయలేం గానీ నాన్నని కూర్చోబెట్టి ఆ గోడకుర్చీ కథ మళ్లీ చెప్పించాలని మాత్రం అనుకుంటున్నాను.

ఆ రోజు ఏం చేయాలి

నాకు బాగా కుదిరినవి రెండే, అవే చెప్తాను.

మొదటిది ఏప్రిల్ 12. గగారిన్ బైకనూర్ నుంచి ఎగిరింది మాస్కోలో ఉదయం 9:07కి, మనకి 11:37. ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు కాబట్టి ఆ టైమ్‌కి పిల్లలు ఇంకా క్లాసులోనే ఉంటారు, లేదా ఆదివారం అయితే ఇంట్లో. 11:37కి గోడ గడియారం చూపించి "ఇప్పుడు ఎగిరాడు" అనండి. మొత్తం ప్రయాణం 108 నిమిషాలు. అష్టోత్తరం అంకె కాబట్టి మా అమ్మకి వెంటనే గుర్తుండిపోయింది. అంటే 1:25 దాకా. మధ్యలో అన్నం తినండి, మామూలు పనులు చేసుకోండి, మధ్య మధ్యలో మాత్రం "ఇప్పుడు పసిఫిక్ మీద ఉన్నాడు", "ఇప్పుడు ఆఫ్రికా మీదికి వచ్చాడు, ఇంజన్ వెలిగించి దిగుతున్నాడు" అని చెప్తూ ఉండండి. గ్లోబు ఉంటే వేలు పెట్టి తిప్పండి. అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపు మనిషి భూమి చుట్టూ తిరిగి వచ్చేశాడన్నది పుస్తకంలో చదివితే తెలియదు, ఇలా కూర్చుంటే తెలుస్తుంది. చివర్లో ఒక మాట కలపండి, ఆయన దిగింది తన అంతరిక్ష నౌకలో కాదు, దాదాపు ఏడు కిలోమీటర్ల ఎత్తులో బయటికి ఎగిరి సొంత పారాచూట్‌తో దిగాడు, చాలా ఏళ్లు సోవియట్లు ఆ సంగతి బయటపెట్టలేదు. అదే ఏప్రిల్ 12న సరిగ్గా ఇరవై ఏళ్లకి, 1981లో, అమెరికా మొదటి స్పేస్ షటిల్ కొలంబియా ఎగిరింది. కావాలని పెట్టుకున్నారేమో అనుకుంటాం, కాదు. ఏప్రిల్ 10న ఎగరాల్సింది కంప్యూటర్ల సమస్యతో ఆగి అలా కుదిరింది.

రెండోది చంద్రుడిది, ఇక్కడే తిథుల క్యాలెండర్ పనికొస్తుంది. జూలై 20నో ఆగస్టు 23నో పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లి "అదిగో అక్కడ దిగారు" అని చూపిద్దామంటే ఆ రోజు అమావాస్య కావచ్చు, వర్షాకాలం మబ్బులు కావచ్చు. తేదీతో చంద్రుడికి సంబంధం లేదు, తిథితో ఉంది. అపోలో-11 దిగినప్పుడూ, చంద్రయాన్-3 దిగినప్పుడూ శుక్లపక్షమే, రెండూ అష్టమికి ఒకటి రెండు రోజుల ముందు. ఇది గాలివాటంగా కుదిరింది కాదు. దిగేచోట అప్పుడప్పుడే తెల్లవారుతూ ఉండాలి. అపోలోకి ఏటవాలు ఎండలో నీడలు పొడుగ్గా పడి రాళ్లు, గుంతలు తేలిగ్గా కనిపించడానికి. చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్‌కి, దాని రోవర్ ప్రజ్ఞాన్‌కి చంద్రుడి మీద ఒక పగలు, అంటే మనకి 14 రోజులు, పూర్తిగా ఎండ దొరకడానికి.

కాబట్టి క్యాలెండర్‌లో జూలై 20కి దగ్గర్లో ఉన్న శుక్ల సప్తమి ఎప్పుడో చూసి దాన్ని గుండ్రంగా చుట్టండి, ఆగస్టు 23కి కూడా అలాగే. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి చంద్రుడు నడినెత్తికి అటూ ఇటూ ఉంటాడు, పొద్దుపోయేదాకా మేలుకోనక్కర్లేదు. వెలుగు, చీకటి కలిసే గీత ఉంటుంది చూడండి, ప్రశాంతి సముద్రం అనే నల్లమచ్చ దానికి దగ్గర్లోనే, చంద్రుడి మధ్యరేఖ పక్కన ఉంటుంది. అపోలో-11 అక్కడ. అదే గీత పట్టుకుని దక్షిణ కొస వైపు చాలా దూరం పోతే, 69 డిగ్రీల దగ్గర, విక్రమ్. మామూలు బైనాక్యులర్స్ చాలు మచ్చల వరకు, అక్కడ దిగిన ల్యాండర్లు మాత్రం ఏ టెలిస్కోప్‌లోనూ కనిపించవు, పిల్లలు తప్పకుండా అడుగుతారు కాబట్టి ముందే చెప్పేయండి.

శ్రీహరికోట వెళ్దామా అని అడుగుతారు కొందరు. వార్షికోత్సవం కోసం వెళ్లకండి, ప్రయోగం కోసం వెళ్లండి. ప్రయోగం ముందు ఇస్రో ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ తెరుస్తుంది, సీట్లు తొందరగా అయిపోతాయి, గుర్తింపు కార్డు పట్టుకుని సూళ్లూరుపేట మీదుగా పోవాలి, వాయిదా పడితే పులికాట్ కొంగల్ని చూసి వెనక్కి రావాలి. చంద్రయాన్-2 అయితే 2019 జూలై 15న 56 నిమిషాలు ఉందనగా ఆపేశారు, వారం తర్వాత 22న ఎగిరింది. వార్షికోత్సవాల వరకు అయితే అక్టోబర్ 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు మేలు. షార్ (శ్రీహరికోట కేంద్రం) వాళ్లే మన రెండు రాష్ట్రాల్లో ఊళ్లకి వచ్చి బళ్లలో, కాలేజీల్లో ఎగ్జిబిషన్లు, పోటీలు పెడతారు. 4 స్పుత్నిక్‌ది అని చెప్పాను కదా, 10 ఏమిటంటే 1967లో అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజు. మధ్యలో 9 మన శ్రీహరికోట మొదటి రాకెట్‌ది, వారోత్సవాల పోస్టర్ల మీద ఎవరూ వేయరు, మీరు వేయండి.

ఇక పెన్సిల్. జరిగిపోయినవన్నీ పెన్నుతో, జరగబోయేవి పెన్సిల్‌తో. గగన్‌యాన్‌లో మనవాళ్లు ఎగిరే తేదీ నేను ఇప్పటికి ఎన్ని క్యాలెండర్లలో చెరిపి రాశానో లెక్కలేదు. దాని పరీక్ష ఒకటి, 2023 అక్టోబర్ 21న, ఎనిమిదిన్నరకి అన్నారని ప్లేట్లో ఇడ్లీలు పెట్టుకుని కూర్చున్నాం, ఎనిమిదీ ముప్పావు అయింది, అయిదు సెకన్లు ఉందనగా ఆగిపోయింది, సర్లే అని లేచి స్నానానికి పోయాను. పదింటికి ఎగిరింది. అబ్బాయి బాత్రూమ్ తలుపు కొడుతూ లెక్కపెట్టాడు. ఆ గడిలో పెన్సిల్‌తో రాసిన 8:30 కొట్టేసి ఉంటుంది, కింద 8:45 కొట్టేసి ఉంటుంది, దాని కింద వాడి చేతిరాతలో, పెన్నుతో, 10:00.